గోడ పక్క తురాయి చెట్టు: నాలుగు ఆదివారాలు, ఒక మొల

మా ఇల్లు వరంగల్ పక్క హసన్‌పర్తి దిక్కు. ప్రహరీ గోడకు 3 అడుగుల దూరంల తురాయి చెట్టు ఉండె. ఎత్తు 35 అడుగులు, మొదలు చుట్టుకొలత ఆరున్నర. తురాయి వేర్లు లోతుకు దిగవు, పైపైనే పాకుతయి. గోడ నెర్రెలిచ్చింది. నిరుడు మే నెల గాలిదుమారానికి తొడంత కొమ్మ విరిగి స్నానాల గది రేకుల మీద పడ్డది. కొట్టేటోళ్లు 18 వేలు అడిగిండ్రు. సామాను కిరాయికి తెచ్చి నేనే కొడత అన్న. బాపు ఎగాదిగా చూసి, "చెట్టు నువ్వు కొడతవో, నిన్ను చెట్టు కొడతదో" అన్నడు.

సొంత జాగలున్న చెట్టే గదా అని గొడ్డలి పట్టుకుంటే కాదు, 2002 నాటి వాల్టా (నీళ్లు, భూమి, చెట్ల) చట్టం ఉన్నది, పర్మిషన్ కావాలె. దరఖాస్తు పెట్టి, ఫారెస్టోళ్లు వచ్చి చూసి, కాయితం చేతికి వచ్చినంకనే మొదలుపెట్టిన. అప్పటికి ఫిబ్రవరి. ఆకు రాలి ఉండె, ఏ కొమ్మ ఎటు బరువున్నదో కింది నుంచే కనపడ్డది.

మొదటి ఆదివారం. సర్వీస్ వైరు కొమ్మల్లకెళ్లి పోతది కాబట్టి లైన్‌మన్‌తోని మాట్లాడితే, ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకొని పొద్దున రెండు గంటలు కరెంటు బంద్ చేసిండ్రు. ఎక్కింది నేను కాదు, మా వాడకట్టు గౌడన్న. తాళ్లెక్కేటోళ్లకు 2024లో సర్కారు ఇయ్యబట్టిన కాటమయ్య కిట్టు ఆయన దగ్గర ఉన్నది. అయితే అది నిట్టనిలువు తాడికి సరిపోయేది. తురాయికి పంగ రాంగనే కాళ్ల ఉచ్చు ముందుకు పోదు. బెల్టు మాత్రం ఉంచుకొని, పై కొమ్మకు మోకు వేసుకొని పనిచేసిండు. ఆయన చేతిరంపంతోని కోస్తే, కొమ్మకు ముందే కట్టిన తాడును నేను కింద వేపచెట్టుకు రెండు చుట్లు తిప్పి మెల్లగ ఇడిసిన. ఆ రెండు చుట్లు లేకుంటే కొమ్మ బరువుకు నేను పైకి లేస్తుంటి.

చెయిన్ రంపం కిరాయి రోజుకు 600. 58 సీసీ, 22 అంగుళాల బారు (చెయిన్ తిరిగే పట్టీ). లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిలు కలపాలె అని దుకాణపాయన చెప్పిండు, చెయినుకు నూనె వేరే. కిందపడ్డ మొద్దులు కోసుడే గదా అని ధీమాగ పైనుంచి దించిన. రెండు కొసలు ఎత్తు మీద ఆని, నడుమ ఖాళీగ ఉన్న మొద్దు అది. సగం తెగంగనే కిందికి వంగి, కోసిన సందు మూసుకొని బారును కరిచి పట్టింది. మిషిన్ ఆపి, గడ్డపారతోని మొద్దు లేపి గుంజితే వచ్చింది. అట్ల ఆనిన మొద్దును ముందు పైనుంచి కొంచెం కోసి, తర్వాత కింది నుంచి కోసుకరావాలె.

రెండో ఆదివారం మిగిలిన కొమ్మలు పోయినయి. చెప్పేటంత ఏం లేదు.

మూడో ఆదివారం మొండెం. 14 అడుగులది మిగిలింది. తూర్పున గోడ, పడమర ఇల్లు, ఉత్తరాన ఖాళీ ప్లాటు. ప్లాటు దిక్కే పడగొట్టాలె. ఆ దిక్కు 40 అడుగుల దూరంలున్న వేపకు గోనెసంచులు చుట్టి 3 టన్నుల చెయిన్ కప్పీ (చెయిన్ బ్లాక్) కట్టిన, కిరాయి 300. మొండెం కొసకు నైలాన్ తాడు. కప్పీ గుంజుతనే ఉన్న, తాడు సన్నబడుతనే ఉన్నది, చెట్టు మాత్రం కదలదు. కప్పీ చెయిన్ సగం తాడు సాగుడుకే పోయింది. సాగిన నైలాన్ పుటుక్కుమంటే కొరడా లెక్క తగులుతది, భయమైంది. బోరు మోటార్లు దించేటోళ్ల దగ్గర ఇనుప రోప్ అడిగి తెచ్చి మళ్ల కట్టిన.

మందం 25 అంగుళాలు. ఉత్తరం దిక్కు 6 అంగుళాల లోతు గాటు నోరు తెరిచినట్టు కోసిన. వెనుక కోత ఆ గాటు కంటే 2 అంగుళాలు పైన. బారు 22 అంగుళాలే కాబట్టి రెండు పక్కల నుంచి కోయాలె. నడుమ రెండున్నర అంగుళాల కట్టె తెగకుండ ఉంచాలె, తలుపుకు కబ్జా లెక్క చెట్టును చెప్పిన దిక్కు తిప్పేది అదే. రెండో పక్క మొదలుపెట్టిన కొద్దిసేపటికే కిర్రుమని నిప్పురవ్వలు లేచినయి. ఆ తర్వాత పొట్టు రాలేకాడ పిండి రాలుతున్నది, పొగ వస్తున్నది. పండ్లు మొద్దుబారినయన్నట్టు. ఎప్పటిదో మొల, కట్టె దాన్ని మింగి కూసున్నది. బాపును అడిగితే తాపీగ, "దండెం కట్టెటందుకు నేనే కొట్టిన" అన్నడు.

అరగంట ఆకురాయి పట్టుకున్న. తర్వాత కోత అయిదు నిమిషాలు. కప్పీ నాలుగు గుంజులు గుంజంగనే టపటపమని కట్టె విరుగుడు వినబడ్డది. నేను ముందే చూసిపెట్టుకున్న ఏటవాలు దారిల వెనుకకు ఉరికిన. ప్లాటు నడుమ పడ్డది, గోడ పెచ్చు కూడ ఊడలేదు. రంపం దుకాణపాయన చెయిన్‌కు 450 పట్టుకున్నడు.

నాలుగో ఆదివారం మొదలు తవ్వుడు. పైన ఎర్రమట్టి, గడ్డపార దిగింది. చేతిమందం వేర్లు గొడ్డలికి తెగినయి. రెండు అడుగుల లోతుల నల్లా పైపు కనపడ్డది, దానికి ఒక వేరు పాము లెక్క చుట్టుకొని ఉన్నది. కప్పీ తగిలిస్తే మొదలుతోని పైపు కూడ లేస్తది. కప్పీ వాపసు ఇచ్చి వచ్చిన. ఇప్పుడు ఆకు రంపంతోని ఆ వేరును ముక్కలు ముక్కలు కోస్తున్న, రోజుకు ఒక జానెడు.