తాతయ్య అడిగిన “ఎటు?”

మావాడికి పదమూడేళ్లు. డాలస్‌లో వాడి స్కూల్లో స్పీడ్, వెలాసిటీ పాఠం అయిపోయింది, నిద్రలో లేపి అడిగినా ఫార్ములాలు చెప్పేస్తాడు. రెండింటికీ తేడా ఏంట్రా అంటే “వెలాసిటీకి డైరెక్షన్ ఉంటుంది” అని అప్పజెప్పి ఊరుకుంటాడు. ఆ డైరెక్షన్‌తో పనేంటో వాడికి తెలియదు. తెలుగు మీడియంలో చదువుకున్న నేను కూడా వాడికి అన్నీ ఇంగ్లీషులోనే చెప్పి చెప్పి, నా పాత మాటలు ఎప్పుడో వదిలేశాను.

ఈ వేసవిలో విజయవాడ వెళ్లాం. మా నాన్న రిటైరైన సైన్సు మాస్టారు. ఒకరోజు ముగ్గురం ఆటోలో బెంజ్ సర్కిల్ మీదుగా వెళ్తుంటే మావాడు ఫోన్లో స్పీడ్ చూసుకుంటున్నాడు. “ఎంతరా నాన్నా?” అన్నారు. “పన్నెండు, తాతయ్యా.” వాడి లెక్క మైళ్లలో కదా, అంటే మనకి గంటకు 19 కిలోమీటర్లు. “అది వడి. మరి ఎటు?” అన్నారు. వాడు చెప్పేలోపే ఆటో సర్కిల్ చుట్టూ కుడికి తిరిగింది, వాడు జారి ఎడమ పక్కనున్న తాతయ్య మీద పడ్డాడు. ఆయన వాడి భుజం పట్టుకుని “ఫోన్లో అంకె మారిందా? లేదుగా! మరి ఎందుకు పడ్డావు?” అన్నారు. ఆటో దిక్కు మారింది, వాడి ఒళ్లు మాత్రం తిన్నగానే పోబోయింది. వడి అంతే ఉన్నా దిక్కు మారితే వేగం మారినట్టే, అలా మారడమే త్వరణం అని ఆ కుదుపుల్లోనే చెప్పారు. నిజమే, మా పుస్తకాల్లో స్పీడ్ అంటే వడి, వెలాసిటీ అంటే వేగం. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు దేన్నైనా వేగం అనేస్తాం గానీ, లెక్కలో అవి వేరు.

రెండ్రోజులకి గుంటూరులో మేనత్తని చూడ్డానికి బస్సులో పోయి సాయంత్రానికి వచ్చేశాం. పోను రాను 70 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఇంటి గుమ్మంలో చెప్పులు విప్పుతుండగా నాన్న అడిగారు, “పొద్దున ఇక్కడే బయల్దేరాం, ఇక్కడికే వచ్చాం, మన సగటు వేగం ఎంతరా?” వాడు కాసేపు గుమ్మంకేసి చూసి “సున్నా” అన్నాడు. సగటు వేగానికి తిరిగిన దూరం కాదు, స్థానభ్రంశం చూడాలి, అంటే బయల్దేరిన చోటు నుంచి చేరిన చోటు తిన్నగా ఎంత దూరమో, ఎటో. అదే లేదు కాబట్టి సున్నానే. లోపల అమ్మమ్మకి అది చెప్పడానికి వాడు తెలుగులో పడిన తిప్పలు, ‘స్థానభ్రంశం’ నోరు తిరక్క మూడుసార్లు మొదలెట్టడం, నేను సాయం చెయ్యకుండా పక్కనే నిలబడి విన్నాను. పండగలూ పచ్చళ్లూ మాత్రమే తెలుగులో ఉంటే చాలదు, వాడి బుర్రకి పని పెట్టే మాటలు కూడా తెలుగులో ఉండాలని నాకు గట్టిగా ఉంది.

తిరిగొచ్చాక మొన్న డాలస్‌లో హైవే దిగుతున్నాం. ర్యాంపు గుండ్రంగా తిరుగుతుంటే వెనక సీట్లోంచి అన్నాడు: “అమ్మా, వడి అంతే ఉంది, వేగం మారుతోంది.”