పాత ఫార్చ్యూనరా, కొత్త జెడ్4 ఆ: మేము తేల్చుకున్న తీరు

మా ఇంట్లోని టొయోటా ఫార్చ్యూనర్ 2011లో రిజిస్టర్ అయింది. పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు దగ్గరపడడంతో, దానికి రెన్యూవల్ చేయించాలా, లేక అమ్మేసి నేను ఎంతోకాలంగా కోరుకుంటున్న ఓపెన్ టాప్ బీఎండబ్ల్యూ జెడ్4ను సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవాలా అన్నది తేల్చుకోవలసి వచ్చింది. మా అన్న పాతదాన్ని వదలనన్నాడు, నేను కొత్తదానివైపు మొగ్గాను. అందుకని దాన్ని నడిపి, కాగితాలు చూసిన తర్వాతే నిర్ణయిద్దామనుకున్నాం.

హైదరాబాద్‌లో చూసినది జెడ్4లో ఎం40ఐ అనే రకం. ఇంజిన్ పరిమాణంలో రెండింటికీ తేడా లేదనే చెప్పాలి: మాది 2,982 సీసీ డీజిల్, అది 2,998 సీసీ పెట్రోల్. అయినా మాది 171 హార్స్‌పవర్ దగ్గర ఆగిపోతే అది 340 ఇస్తుంది, పైగా దాని బరువు మా బండి కంటే చాలా తక్కువ. ఘట్‌కేసర్ దాటాక వరంగల్ రహదారి మీద ఆ తేడా వెన్నుకు తెలిసింది. గుడ్డ టాప్ పది సెకన్లలో, గంటకు 50 కిలోమీటర్ల లోపు వేగంలోనైతే బండి నడుస్తుండగానే, తెరుచుకుంటుంది. పైకప్పు లేని కారు గతుకుల్లో వణుకుతుందేమోనన్న నా అనుమానం కూడా తీరింది. నడిపే ఆనందంలో దానికి మా బండి సాటి రాదు. ఆ మాట అన్నతోనూ చెప్పాను.

అయితే దాని అడుగుభాగానికీ నేలకూ మధ్య ఎడం 114 మిల్లీమీటర్లే, మా ఫార్చ్యూనర్‌కు 220. హనుమకొండ కాలనీల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు వేసుకున్న స్పీడ్ బ్రేకర్లను, పాలంపేట దాటి మా అత్తగారి ఊరికి పోయే మట్టిబాటను తలచుకుంటే ఆ అంకె నన్ను ఆలోచనలో పడేసింది. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. హనుమకొండ కాలనీల్లోకీ నీళ్లొచ్చాయి. ఆ రోజుల్లో ఇంటిల్లిపాదినీ దాటించింది లాడర్ ఫ్రేమ్ (నిచ్చెనలాంటి ఉక్కు చట్రం) మీద కట్టిన, నాలుగు చక్రాలకూ ఎప్పుడూ శక్తి అందే ఈ పాత బండే. జెడ్4లో సీట్లు రెండే, మేమేమో నాయనతో కలిపి అయిదుగురం. ఎండాకాలం పగటిపూట ఇక్కడ టాప్ తెరిచే మాటే ఉండదు.

కాగితాల దగ్గర విషయం పూర్తిగా తేలిపోయింది. జెడ్4 వేరే రాష్ట్రపు రిజిస్ట్రేషన్. అక్కడి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తెచ్చుకుని, బండి ధర, వయసు లెక్కన తెలంగాణలో జీవితకాల పన్ను మళ్లీ కట్టాలి. అంత ఖరీదైన దిగుమతి బండికి ఆ పన్ను ఎంతవుతుందో లెక్క వేశాక నేనే వద్దన్నాను.

రెన్యూవల్ రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది, పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ అదనం. అయినా ఆ పన్నుతో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు. రవాణా శాఖ తనిఖీకి ముందు బండిని లిఫ్ట్ మీద ఎక్కించి, ఫ్రేమ్‌కు తుప్పు పట్టిందేమో, డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) దగ్గర ఆయిల్ కారుతోందేమో మెకానిక్‌తో పాటు నేనూ దగ్గరుండి చూశాను. సస్పెన్షన్ బుష్‌లు (అతుకుల దగ్గరి రబ్బరు ముక్కలు), టైమింగ్ బెల్ట్ మార్పించి, ఫారం 25తో దరఖాస్తు చేశాం. ఇన్‌స్పెక్టర్ చూసి సరేనన్నారు. ఇంకో అయిదేళ్లకు ఆర్‌సీ వచ్చింది.