మా వంటగదికి తిరిగొచ్చిన మసిగుడ్డ

తడి చెత్తను, పొడి చెత్తను వేరు చేసి మునిసిపాలిటీ బండికి ఇవ్వడం అలవాటయ్యాకనే, విజయవాడలోని మా ఇంటి పొడి చెత్తలో ఎక్కువ భాగం వంటగది నుంచే వస్తోందని నేను గమనించాను. నూనె పీల్చిన కాగితపు రోలు ముక్కలు, నలిగిన ఫాయిలు, కర్రీ పాయింటు కవర్లు రోజూ అందులో ఉండేవి. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, చెంచాలు, స్ట్రాలు వంటివాటిని దేశమంతటా నిషేధించినా, ఆ జాబితాలో కాగితపు రోలు గానీ, ఫాయిలు గానీ లేవు కనుక వాటిని మానడం ఇంటివాళ్లమే చేయవలసిన పని.

గుంటూరు నుంచి వచ్చిన మా అత్తయ్య గట్టు మీది కాగితపు రోలును చూసి, "ఏమ్మా, గట్టు తుడవడానికి కూడా కాగితం కొంటున్నారా?" అని అడిగారు. ఆ మధ్యాహ్నమే ఆవిడ మామయ్యగారి పాత పంచె ఒకటి తీసి, అరిగిపోయిన చోటు వదిలేసి, మూరెడు పొడవున పన్నెండు ముక్కలు చించి, అంచులు కుట్టి ఇచ్చారు. కొత్త గుడ్డ గంజి వదిలేదాకా నీటిని సరిగా పీల్చదు. ఏళ్ల తరబడి ఉతికిన పంచె గట్టు మీద పరిచిన క్షణంలోనే తడిని లాగేస్తుంది. ఎర్ర దారంతో కుట్టినవి చేపలు, మాంసం కడిగిన చోటుకు, తెల్ల దారంవి గిన్నెలకు, నల్ల దారంవి పొయ్యి మీది వేడి గిన్నెలు దించడానికి అని మేము విడదీసుకున్నాము. మొదటి వారంలో తడిగుడ్డలను సింకు పక్కనే ముద్దగా వదిలేయడం వల్ల అవి ముక్కవాసన పట్టాయి. ఇప్పుడు రోజూ రాత్రి సబ్బుతో ఉతికి తీగ మీద ఆరవేసి, ఆదివారం నాడు బట్టల సోడా వేసిన నీళ్లలో మరిగించి, ఎండలో వేస్తున్నాము. ఈ ఉతుకు పనిని పనిచేసే అమ్మాయి మీద వేయకూడదని మా ఇంట్లో ముందే అనుకున్నాము. మా పొదుపు ఆమె రెక్కల కష్టం కాకూడదు.

ఫాయిలును మానడం సులువైంది. చింతపండు పులుపు అల్యూమినియాన్ని తింటుంది కాబట్టి, పులిహోర చుట్టిన ఫాయిలుకు సన్నని చిల్లులు పడడం నేను కళ్లారా చూశాను. ఇప్పుడు స్టీలు డబ్బాలో అరిటాకు ముక్క వేసి పెడుతున్నాను. గారెలను కాగితం మీద కాక చిల్లుల పళ్లెంలో వేస్తే నూనె కిందకు దిగుతుంది. అంట్లు తోమడానికి ఎండిన బీరపీచు చాలు.

అన్నిటికన్నా కష్టమైనది కర్రీ పాయింటు. మా ఇంట్లో ఇద్దరమూ ఉద్యోగస్థులం, వారంలో రెండు రోజులైనా అక్కడ కూర కొనక తప్పదు. మొదటిసారి స్టీలు క్యారేజీ పట్టుకుని వెళ్తే, దుకాణదారు దొండకాయ కూరను ఎప్పటిలాగే కవరులో నింపి, దాన్ని క్యారేజీలోకి ఒంపి, ఖాళీ కవరును బుట్టలో పడేశాడు. నాకు చాలా బాధ కలిగింది, కానీ తప్పు అతనిది కాదు. అతనికి కవరే కొలత. మరునాడు, "బాబూ, ఒక కవరుకు ఎన్ని గరిటెలు పడతాయి?" అని అడిగితే, ఒకసారి పోసి చూసి, "రెండు నిండు గరిటెలండీ" అన్నాడు. అప్పటినుంచి గరిటె లెక్కనే నేరుగా క్యారేజీలో వేస్తున్నాడు. సాంబారు, రసం మాత్రం పదకొండు దాటితే కవర్లలో కట్టి దారాలతో ముడివేసి ఉంటాయి. అందుకని సాంబారు, రసం కొనే రోజుల్లో ఆఫీసుకు క్యారేజీ వెంట తీసుకువెళ్లడం మానేసి, పొద్దున పది గంటలకే, సాంబారు ఇంకా గిన్నెలో ఉండగానే, దుకాణంలో క్యారేజీ నింపించి ఇంట్లో పెట్టి వెళ్తున్నాను.