సూది తర్వాత ముఖంలో ఏది మిగలాలి?

పెళ్ళిళ్ళ సీజన్ వచ్చిందంటే రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం వంటి మన డెల్టా పట్టణాలలో ముఖసౌందర్య చికిత్సల ప్రకటనలు పెరుగుతాయి. సూదితో వచ్చిన అందం సహజమెలా అవుతుందని ఎగతాళి చేసేవారితో నేను ఏకీభవించలేను. నలుగు పెట్టి, కాటుక దిద్ది, బుగ్గన చుక్క పెట్టి పెళ్ళికూతురిని చేసే కోనసీమ ఇళ్ళలో ముఖాన్ని ఉన్నదున్నట్టు ఎన్నడూ వదిలిపెట్టలేదు. ముఖాన్ని తాకవచ్చునా అన్నది కాదు, తాకిన తర్వాత అందులో ఆ మనిషి మిగిలిందా అన్నదే నాకు ముఖ్యం.

కనుబొమల మధ్య గీతలకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2002లో అనుమతించిన బొటాక్స్ అనే సూదిమందు, కండరాన్ని ముడుచుకోమనే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం నరం కొసన విడుదల కాకుండా అడ్డుకొని, కండరాన్ని సుమారు మూడు నాలుగు నెలలు సడలించి ఉంచుతుంది. చిరాకు గీత తగ్గితే నష్టమేమీ లేదు. కానీ మనస్ఫూర్తిగా నవ్వినప్పుడు పెదవులతోపాటు కంటి చుట్టూ ఉన్న కండరం కూడా ముడుచుకొంటుందని ఫ్రెంచి వైద్యుడు డుషెన్ 1862లోనే వివరించాడు. అక్కడి ముడతలన్నీ పోవాలని మోతాదు పెంచితే నవ్వు నోటి దగ్గరే ఆగిపోతుంది.

ఫిల్లర్ల సంగతి, అంటే చర్మం కింద నింపడానికి సూదితో ఎక్కించే పదార్థాల సంగతి వేరు. వయసుతో ముఖంలోని కొవ్వు తగ్గుతుంది, దవడ ఎముక కూడా కొంత అరుగుతుంది కనుక, పోయినదాన్ని కొద్దిగా పూరించడం నాకు సబబుగానే తోస్తుంది. హైలురోనిక్ ఆమ్లం అనే పదార్థంతో చేసిన ఫిల్లర్‌ను అవసరమైతే కరిగించే ఎంజైమూ ఉంది. నాకు మింగుడుపడనిది అందానికి కొలమానంగా చెప్పే 'గోల్డెన్ రేషియో', అంటే 1.618 నిష్పత్తితో ముఖాన్ని కొలిచి, ఆ కొలతకు ముక్కునూ గడ్డాన్నీ సరిచేయాలనడం. పెళ్ళిచూపులలో మన పెద్దవాళ్ళు "అచ్చం మేనత్త ముక్కేనమ్మా" అని మురిసిపోతారే, ఆ పోలికకు ఈ కొలతలో చోటెక్కడిది? (వాళ్ళే మరుక్షణం రంగు తక్కువని పెదవి విరుస్తారు, అది వేరే రోత.)

మా ఇంటి ఆడపిల్ల అడిగితే, తన పాత ఫొటోలు వైద్యుడికి చూపించి, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, బొటాక్స్ పూర్తి ప్రభావం తెలియడానికి రెండు వారాలు ఆగమంటాను. పెళ్ళికి వారం ముందు మాత్రం ఫిల్లర్ జోలికి వెళ్ళవద్దంటాను, ఎందుకంటే సూది పడినచోట వాపూ కమిలిన మచ్చా కొన్ని రోజులు ఉండవచ్చు.