అరకు రోడ్డు మీద చోళ్ళు

అన్నయ్యకి అరకులో పనుంటే ఈరోజు నేనూ బండెక్కేశా. ఎస్.కోట దాటి బొడ్డవర దగ్గర టిఫిన్ చేసి ఘాట్ ఎక్కేసరికి చేతులు కొంకర్లు పోయాయి, డిసెంబర్ చలి కదా మరి.

అనంతగిరి దగ్గర కాఫీ కోతలు జరుగుతున్నాయి. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు. ఒకే కొమ్మకి ఎర్రగా పండినవీ పచ్చివీ కలిసే ఉంటాయి, పండినవి మాత్రమే ఏరి కొయ్యాలి, మిగతా వాటికోసం మళ్ళీ అదే మొక్క దగ్గరికి రావాలి. 2019లో అరకు కాఫీకి జీఐ ట్యాగ్, అంటే ఇది ఫలానా ప్రాంతం సరుకనే గుర్తింపు, వచ్చిందని మనం గొప్పగా చెప్పుకుంటాం గానీ అందులో ఇంత ఓపిక ఉంది.

గాలికొండ దాటి సుంకరమెట్ట వైపు దిగాక రోడ్డు మీదే చోడి పనలు పరిచేశారు, చోళ్ళంటే రాగులే. బళ్ళ చక్రాల కింద నలిగి గింజ రాలుతుందని. ఒకావిడ కర్రతో తిరగేస్తోంది, ముక్కుకి మూడు ముక్కుపుడకలు, జుట్టు నిండా దుమ్ము. బళ్ళొస్తుంటే భయం లేదామ్మా అన్నాను. "నూర్చుకోడానికి కళ్ళం ఏదీ తల్లీ, ఎండ పడేది ఇక్కడే" అంది. అంతలో ఓ టూరిస్టు కారు హారన్ మోగించుకుంటూ స్పీడుగా వచ్చింది, ఆవిడ గబుక్కున పక్కకి జరిగింది, నాకైతే గుండె ఆగినంత పనైంది.

ఈ రోడ్డు ఇదివరకు స్టేట్ హైవే, ఇప్పుడు నేషనల్ హైవే 516ఇలో కలిసిపోయింది. రోడ్డు బాగుపడాలనే నా కోరిక కూడా, నిండు గర్భిణుల్ని డోలీలో మోసుకొచ్చే ఊళ్ళు ఈ మన్యంలో ఇంకా ఉన్నాయి, అంబులెన్స్ ఒక్క పది నిమిషాలు ముందొచ్చినా ఎంతో నయం. కానీ రోడ్డు వెడల్పు చేసేటప్పుడే ఊరికో సిమెంటు కళ్ళం కూడా కట్టేస్తే ఈవిడకి చక్రాల మధ్య నిలబడే ఖర్మ ఉండదు కదా, రోడ్డుకయ్యే ఖర్చులో అదెంత!

వలిసె పూలు, మంచు చూడ్డానికి ఈ సీజన్లో చాలామంది వస్తారు, వాళ్ళకో మాట. పనలు కనబడితే మెల్లగా వాటి మీంచే వెళ్ళొచ్చు, వాళ్ళకి కావల్సిందీ అదే. గడ్డి మీద మాత్రం బండి ఆపొద్దు, వేడి సైలెన్సర్‌కి తగిలి అంటుకుంటుంది. రాల్చిన గింజ ఆరబోసి ఉంటే చుట్టూ తిరిగి పోండి, దయచేసి హారన్ కొట్టకండి.