మా కంది చేలో తేనెటీగల పని

దర్శి దగ్గర మా మూడెకరాల ఎర్రనేలలో కిందటి కార్తీకంలో కంది నిండు పూత మీద ఉండగా, అక్కడక్కడా మొక్కలు నిలువునా వాడిపోసాగాయి. మా పెద్దనాన్న ఒకదాన్ని పీకి, కాండాన్ని కొడవలితో నిలువుగా చీల్చి చూపించారు. బెరడు కింద చెక్కలో నల్లటి చారలు వేరు నుంచి పైకి పాకి ఉన్నాయి. ఎండు తెగులు! దాని శిలీంధ్రం మట్టిలోనే ఏళ్ల తరబడి బతుకుతుంది కనుక, అప్పుడు ఏ మందు కొట్టినా ఖర్చే మిగులుతుంది.

కంది దిగుబడి అనగానే అందరూ హైబ్రిడ్ గురించే అడుగుతారు గానీ, మా వంటి వర్షాధార రైతుకు వంగడాల పరిశోధన చేసిన అసలు మేలు తెగుళ్లను తట్టుకునే శక్తిని ఇవ్వడమేనని నా అభిప్రాయం. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో రూపొంది 1993లో విడుదలైన 'ఆశ' రకం ఎండు తెగులుతో పాటు, మొక్కను పూత లేకుండా గొడ్డుపోయేట్టు చేసే వెర్రి తెగులునూ తట్టుకుంటుంది.

హైబ్రిడ్ కథ కూడా ఆసక్తికరమైనదే. 1991లో విడుదలైన తొలి హైబ్రిడ్ ఐసీపీహెచ్ 8కు విత్తనం కట్టాలంటే, పుప్పొడి ఉండకూడని ఆడ వరుసల్లో సగం మొక్కలు పుప్పొడి గలవే వచ్చేవి. కూలీలు మొగ్గ విప్పి, కేసరాలు పసుపుగా ఉన్నాయా పాలిపోయి ఉన్నాయా చూసి, పసుపు రంగువాటిని పీకేయాలి. అంత చాకిరీ ఎవరు చేస్తారు? తర్వాత కందికి అతి దగ్గరి అడవి చుట్టమైన కజానస్ కజానిఫోలియస్ నుంచి తెచ్చిన వంధ్యత్వంతో (పుప్పొడి పనిచేయని గుణంతో) ఐసీపీహెచ్ 2671 వచ్చి, ఆ పీకుడు తప్పింది. మగ వరుసల నుంచి ఆడ వరుసలకు పుప్పొడి మోసే పనిని మాత్రం ఇప్పటికీ తేనెటీగలే చేస్తాయి.

ఆ తేనెటీగలే మా బోటి వాళ్లకు చిక్కు తెస్తాయి. పక్క చేలో వేరే రకం ఉంటే దాని పుప్పొడి మా పూల మీదకూ చేరుతుంది; ఇంటి విత్తనాన్నే దాచి వేసుకుంటూ పోతే, నాలుగైదేళ్లకు ఎత్తూ గింజ రంగూ తేడా పడడమే కాక, తట్టుకునే గుణమూ పలచబడుతుంది. మేము తెలిసీ చేసిన పొరపాటు అదే.

ఈసారి ధ్రువీకరించిన విత్తనం వేశాము. విత్తనానికని నాలుగు మొక్కలకు, తేనెటీగలు చేరకుండా, మొగ్గ దశలోనే దోమతెర గుడ్డతో సంచులు కట్టాను. "పెళ్లికూతురికి ముసుగేసినట్టుందిరా" అని పెద్దనాన్న నవ్వారు. మొన్న విప్పి చూస్తే, సొంత పుప్పొడితోనే కాయ పట్టింది. గింజ ముదరడానికి ఇంకా మూడు వారాలు కావాలి.