చీజ్‌కేక్ అడుగున బిస్కెట్ బేస్: వెన్న ఎంత పొయ్యాలో బిస్కెట్‌ని బట్టే

చీజ్‌కేక్ కుదరలేదని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది ఒకటే, ఏ బిస్కెట్ వాడారు, ఎంత వెన్న పోశారు అని. పైన క్రీమ్ చీజ్ ఎంత నున్నగా వచ్చినా సరే, కోసేటప్పుడు బిస్కెట్ పొడిలో వెన్న కలిపి నొక్కిన అడుగు పొర పొడిపొడిగా రాలిపోయినా, స్పూను దిగనంత గట్టిగా బిగుసుకుపోయినా తినేవాళ్ళకి అదే గుర్తుంటుంది.

నెట్‌లో దొరికే కొలతలు చాలావరకు అమెరికా వాళ్ళవో బ్రిటన్ వాళ్ళవో. అమెరికా వాళ్ళు గ్రాహం క్రాకర్స్ అనే గోధుమ బిస్కెట్లు, బ్రిటన్ వాళ్ళు డైజెస్టివ్ బిస్కెట్లు వాడతారు. గ్రాహం క్రాకర్స్ మన కిరాణా కొట్లో దొరకవు కాబట్టి మనం మారీ తెచ్చుకుంటాం, కొలత మాత్రం వాళ్ళదే పెట్టుకుంటాం, చిక్కంతా అక్కడే వస్తుంది. మారీలో కొవ్వు బాగా తక్కువ, డైజెస్టివ్‌లో చాలా ఎక్కువ, మన హైదరాబాద్ ఉస్మానియా బిస్కెట్లయితే చేత్తో పట్టుకుంటేనే వేళ్ళకి జిడ్డు అంటుతుంది. మూడింటికీ ఒకే లెక్కలో వెన్న పోస్తే ఎలా కుదురుతుంది?

ఎనిమిది అంగుళాల టిన్నుకి నేను 200 గ్రాముల బిస్కెట్లు తీసుకుంటాను. డైజెస్టివ్ అయితే 90 గ్రాముల కరిగించిన వెన్న, మారీ అయితే 110 వరకు వెన్న, దాంతోపాటు రెండు చెంచాల పంచదార పొడి. ఉస్మానియాకి 60తో మొదలుపెట్టి చూసుకుంటూ పోయండి, ఒక్కో బేకరీ బిస్కెట్ ఒక్కోలా ఉంటుంది. ఉస్మానియాలో ఉప్పు ముందే ఉంటుంది కాబట్టి దానికి ఉప్పు లేని వెన్న మంచిది. మారీకి మాత్రం మామూలు ఉప్పు వెన్న భలే నప్పుతుంది, పైన తీపికి కింద ఆ కాస్త ఉప్పు తగలాలి.

ఎంత పోసినా ఆఖరి మాట చేతిదే. సున్నుండలు కట్టిన చేతులకి ఇది వేరే చెప్పక్కర్లేదు: పిండిలో నెయ్యి పోసి కలిపి, గుప్పెట్లో నొక్కితే ఉండ నిలవాలి, బొటనవేలితో తడితే విడిపోవాలి. ఇక్కడా అంతే. నొక్కినా నిలవకపోతే ఇంకో చెంచా వెన్న, వేళ్ళ సందుల్లోంచి జిడ్డు కారుతుంటే ఇంకో రెండు బిస్కెట్ల పొడి. పొడిని పట్టి ఉంచేది చల్లారి గడ్డకట్టిన వెన్నే. అందుకే నూనెతో చేస్తే ఫ్రిజ్‌లో ఎంతసేపు పెట్టినా బేస్ నిలవదు. నెయ్యితో నిలుస్తుంది, కానీ వెన్నలో కొంత నీరుంటుంది, నెయ్యి అంతా కొవ్వే, కాబట్టి 100 గ్రాముల వెన్న బదులు 80 గ్రాముల నెయ్యి చాలు. నెయ్యి వాసన డైజెస్టివ్‌తో నాకు నచ్చదు, ఉస్మానియాతో మాత్రం చాలా బాగుంటుంది.

బిస్కెట్లు మిక్సీలో వేసేటప్పుడు జార్ పూర్తిగా పొడిగా ఉండాలి, పల్స్ మీద ఆపి ఆపి తిప్పాలి. సన్న రవ్వ అంత పలుకు ఉంటే చాలు, మరీ మెత్తగా పట్టేస్తే వెన్న ఎక్కువ తాగి బేస్ గట్టిపడుతుంది. వానాకాలంలో డబ్బాలో మెత్తబడిన బిస్కెట్లుంటే ముందు ఓవెన్‌లో కాసేపు వేడి చేసి, చల్లారాక పట్టండి.

టిన్నులో వేశాక చేత్తో నొక్కకండి, వేళ్ళ గుంటలు పడి ఒకచోట మందం ఒకచోట పల్చన అవుతుంది. పొడిని ముందు వదులుగా అంతా పరిచి, అడుగు చదునుగా ఉన్న స్టీలు గ్లాసుతో మధ్యలోంచి అంచులకి నెమ్మదిగా నొక్కుకుంటూ వెళ్ళండి. గోడా అడుగూ కలిసే మూల దగ్గర పొడి ఎప్పుడూ ఎక్కువ పోగవుతుంది, అక్కడ గ్లాసు అంచుని తిప్పుతూ సర్దాలి. బలమంతా పెట్టి దంచొద్దు, కదలకుండా నిలిస్తే చాలు.

బేక్ చేసే చీజ్‌కేక్ అయితే బేస్‌ని 170 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచి తీసి, పూర్తిగా చల్లారాకే పైన మిశ్రమం పోయాలి. బేక్ చెయ్యనిదైతే ఫ్రిజ్‌లో కనీసం అరగంట, మే నెల ఎండల్లో గంట పెట్టండి. క్రీమ్ చీజ్ ఖరీదని చాలామందిమి పెరుగు గుడ్డలో కట్టి వేలాడదీసి వాడతాం కదా, అందులో నీరు ఎంత పోయినా కొంత మిగులుతుంది, అది దిగి బేస్ నానిపోతుంది. గట్టిపడ్డ బేస్ మీద కరిగించిన వైట్ చాక్లెట్ పల్చగా ఒక పూత పూస్తే ఆ నీరు కిందికి దిగదు, మర్నాటికీ కరకరలాడుతుంది.

ఫ్రిజ్‌లోంచి తీశాక బేస్ టిన్నుకి పట్టేసి రాకపోతే గుచ్చి లేపకండి, వెన్న గడ్డకట్టి పట్టుకుందంతే. వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ మీద టిన్నుని ఒక నిమిషం పెడితే వదిలేస్తుంది.